తెర మీద 55, ఒంట్లో 46: తుంటి మార్పిడికి ఎముక కొలత ఎక్కడ తప్పుతుంది

తుంటి ఎక్స్‌రేను కంప్యూటర్‌లో తెరిచి, తొడ ఎముక పైకొసన ఉండే బంతికి అడ్డంగా గీత గీస్తే 55 మిల్లీమీటర్లు అని చూపిస్తుంది. మర్నాడు ఆపరేషన్‌లో అదే బంతిని బయటికి తీసి కాలిపర్‌తో పట్టి చూస్తే 46. ఎక్స్‌రే చెడిపోలేదు, సాఫ్ట్‌వేర్‌ పిచ్చి లెక్క వేయలేదు. తెర మీద కొలిచింది ఎముక నీడను, అంతే.

కరెంటు పోయిన రాత్రి దీపం ముందు చెయ్యి పెడితే గోడ మీద పెద్ద చెయ్యి కనబడుతుంది. చెయ్యి గోడకు దగ్గరైతే నీడ చిన్నది, దీపానికి దగ్గరైతే పెద్దది. ఎక్స్‌రేలోనూ ఇదే జరుగుతుంది. కిరణాలు ట్యూబ్‌లో ఒక చుక్క నుంచి బయల్దేరి విచ్చుకుంటూ కిందికి వస్తాయి. ట్యూబ్‌ నుంచి ప్లేటు దాకా 115 సెంటీమీటర్ల దూరం ఉందనుకుందాం. తుంటి కీలు ప్లేటు మీదే ఆనుకుని ఉండదు. పిరుదుల కండ, టేబుల్‌ మందం అన్నీ కలిపి ఒక 18 సెంటీమీటర్లు పైన ఉంటుంది. అంటే ట్యూబ్‌కు 97 సెంటీమీటర్ల దూరంలో ఉంది. 115ను 97తో భాగిస్తే 1.186. నీడ దాదాపు 19 శాతం పెద్దదన్నమాట. 55ను ఆ అంకెతో భాగిస్తే 46 చిల్లర వస్తుంది.

ఇంతవరకు ఇబ్బందేం లేదు, ఎప్పుడూ 19 శాతం తీసేసుకుంటే సరిపోయేది. కానీ అందరి ఒళ్లూ ఒకలా ఉండదు. బక్కపలచటి మనిషికి కీలు ప్లేటు నుంచి 14 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉండొచ్చు. భారీ మనిషికి 23 సెంటీమీటర్లు ఉండొచ్చు. అప్పుడు తెర మీద కనిపించే అదే 55, బక్క మనిషిలో 48 మిల్లీమీటర్ల ఎముక, లావు మనిషిలో 44 మిల్లీమీటర్ల ఎముక. పాత రోజుల్లో ఇంప్లాంట్‌ కంపెనీలు పారదర్శకమైన ప్లాస్టిక్‌ షీట్ల మీద తమ సైజుల బొమ్మలు అచ్చువేసి ఇచ్చేవి. వాటిని ఫిల్మ్‌ మీద పెట్టి ఏది సరిపోతుందో చూసుకునేవారు. ఆ బొమ్మలు మామూలుగా 115 లేదా 120 శాతానికి పెంచి ఉండేవి. ఆ ఒక్క శాతానికే అందరి ఒళ్లనూ సర్దేసేవారు.

ఒకప్పుడు దాంతో పని నడిచిపోయేది కూడా. 1962లో ఇంగ్లండ్‌లోని రైటింగ్‌టన్‌ ఆస్పత్రిలో సర్జన్‌ జాన్‌ చార్న్‌లీ మొదలుపెట్టిన పద్ధతిలో తొడ ఎముక బోలులోకి దింపే కాడను (స్టెమ్‌), కటి ఎముక గిన్నెలో కూర్చునే కప్పును ఎముక సిమెంటుతో అతికించేవారు. స్టెమ్‌ కొసన పెట్టే కృత్రిమ బంతి, అంటే హెడ్‌, అందరికీ ఒకటే, 22.225 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే ఆ సందును సిమెంటు పూడ్చేది. సిమెంటు లేని ఇంప్లాంట్లు వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. ఇప్పుడు కప్పులు 2 మిల్లీమీటర్ల తేడాతో వస్తాయి: 46, 48, 50, 52 ఇలా. గిన్నెను కప్పు సైజు కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువగా తొలిచి, కప్పును బిగుతుగా కొట్టి కూర్చోబెడతారు. ఆ బిగుతే దాన్ని నిలబెడుతుంది, తర్వాత నెలల మీద ఎముక దానిలోకి పెరుగుతుంది. సైజు చిన్నదైతే కప్పు వదులు. పెద్దదైతే కొట్టేటప్పుడు గిన్నె అంచు చిట్లుతుంది. మొత్తం ఆట నడిచేది ఒకటి రెండు మిల్లీమీటర్లలో అయితే, ఎక్స్‌రే నీడ ఒక్కటే ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్లు కలుపుతోంది.

ముందే కొలవాల్సిన అవసరానికి ఇంకో కారణం ఉంది, అది గిడ్డంగి కారణం. ప్రతి సైజూ ప్రతి ఆస్పత్రిలో ఉండదు. ఆపరేషన్‌ తేదీ ఖాయమయ్యాక కంపెనీ మనిషి సెట్టు తెస్తాడు. పెద్ద ఊళ్లో ఒకటి తక్కువైతే ఫోన్‌ చేసి తెప్పించుకోవచ్చు. జిల్లా కేంద్రంలో రోగిని టేబుల్‌ మీద పడుకోబెట్టి, తుంటి తెరిచాక, కావాల్సిన 44 కప్పు సెట్టులో లేదని తేలితే అప్పుడు వచ్చే టెన్షన్‌కు మందు లేదు. చిన్న ఎముకలున్న ఆడవాళ్లలో ఇది ఉత్త ఊహ కాదు.

నీడను లెక్క కట్టే ఉపాయం చాలా సులువైనది. కొలత తెలిసిన వస్తువును ఎముకతో పాటు ఎక్స్‌రేలో పెట్టడమే. మామూలుగా 25 మిల్లీమీటర్ల స్టీలు గుండు వాడతారు. తెర మీద గుండు 29.65 మిల్లీమీటర్లు కనిపిస్తే, పెరుగుదల 1.186 అని సాఫ్ట్‌వేర్‌ తేల్చేసి, మిగతా కొలతలన్నిటినీ దాంతో భాగిస్తుంది. గుండే ఎందుకంటే, అది ఎటు తిరిగినా నీడ గుండ్రంగానే పడుతుంది. గుండు లేని చోట నాణెం పెట్టేవాళ్లూ ఉన్నారు. మన 10 రూపాయల బిళ్ల వ్యాసం 27 మిల్లీమీటర్లు, పనికొస్తుంది. కానీ నాణెం ఒరిగితే నీడ కోడిగుడ్డు ఆకారంలో పడుతుంది. అప్పుడు పొడుగు వైపే కొలవాలి, పొట్టి వైపు కొలిస్తే లెక్క మొత్తం పోతుంది.

అసలు పొరపాటు జరిగేది గుండును ఎక్కడ పెట్టాలన్న దగ్గర. కీలు ఏ ఎత్తులో ఉందో గుండు కూడా టేబుల్‌ నుంచి అదే ఎత్తులో ఉండాలి. తొడ పక్కన చేత్తో నొక్కితే తగిలే గట్టి ఎముక ఉబ్బు, గ్రేటర్‌ ట్రోకాంటర్‌, ఆ ఎత్తుకు గుర్తు. గుండును తొడల మధ్యనో, పక్కనో ఆ ఎత్తుకు స్టాండు మీదో స్పాంజి మీదో నిలబెట్టాలి. ఆచరణలో ఏం జరుగుతుంది? బయట ముప్పైమంది వరసలో ఉంటారు. గుండు తీసి కాళ్ల మధ్య టేబుల్‌ మీద దొర్లించేస్తారు. అది కీలు కన్నా 5 సెంటీమీటర్లు కిందికి దిగితే పెరుగుదల 1.186 బదులు 1.127గా లెక్క వస్తుంది. 46.4 ఉన్న బంతి 48.8 అయి కూర్చుంటుంది. కప్పు లెక్కలో ఒక సైజు పైకి పోయినట్టే. కొండ గుర్తుగా చెప్పాలంటే, గుండు ఎత్తులో ప్రతి సెంటీమీటరు తప్పుకూ కొలతలో సుమారు ఒక శాతం తప్పు. లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్‌కు ఈ సంగతి తెలిసే మార్గం లేదు. తనకిచ్చిన గుండునే అది నమ్ముతుంది.

గుండు లేకుండా వచ్చే ఎక్స్‌రేల సంగతి ఇంకా అన్యాయం. ఫిల్మ్‌ ఆదా చేయడానికి రెండు బొమ్మలను ఒకే షీటు మీద కుదించి ప్రింటు చేస్తారు. ఆ షీటును కిటికీ అద్దానికి ఆనించి, మొబైల్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. నొప్పి ఎందుకొచ్చిందో చెప్పడానికి ఆ ఫొటో చాలు. సైజు చెప్పడానికి మాత్రం పనికిరాదు. అసలు డిజిటల్‌ ఫైలు ఉన్న సీడీ అయినా, అందులో ఉన్న స్కేలు ప్లేటు మీద పడిన నీడకే చెందుతుంది, ఎముకకు కాదు. గుండు ఉంటే మాత్రం ఎంత కుదించినా, ఎంత పెంచినా అది కూడా ఎముకతో పాటే కుంచించుకుపోతుంది, పెరుగుతుంది కాబట్టి లెక్క బతుకుతుంది.

పెరుగుదల లెక్క సరిగ్గా కుదిరినా ఇంకో మోసం మిగిలే ఉంటుంది. అది తిప్పులో ఉంది, దాన్ని పట్టుకోవడం ఇంకా కష్టం.

తొడ ఎముక కడ్డీ నిలువుగా దిగితే, దాని మెడ లోపలికీ కొంచెం ముందుకీ వంగి బంతిని మోస్తుంది. బంతి నడిబిందువు నుంచి కడ్డీ నడిగీత దాకా అడ్డంగా ఉండే దూరాన్ని ఆఫ్‌సెట్‌ అంటారు. పెద్దవాళ్లలో సుమారు 40 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, మనిషిని బట్టి మారుతుంది. పిరుదు పక్క కండరాలు నడకలో నడుమును నిలబెట్టే మీట చేయి ఇదే. మెడ ముందుకు తిరిగి ఉంటుంది కనక, కాలు లోపలికి ఒక 15 డిగ్రీలు తిప్పితేనే అది ప్లేటుకు సమాంతరంగా వచ్చి పూర్తి పొడవు చూపిస్తుంది. కాలి బొటనవేళ్లు రెండూ ఒకదానికొకటి తగిలేట్టు పెట్టి తీసే ఎక్స్‌రే అందుకే.

ఒక తుంటి తీసుకుందాం. నిజమైన ఆఫ్‌సెట్‌ 42 మిల్లీమీటర్లు. కాలు లోపలికి సరిగ్గా తిప్పి తీస్తే 42 కనిపిస్తుంది. మోకాలి చిప్ప పైకి చూసేట్టు తిన్నగా ఉంచితే 40.5. కాలు బయటికి 20 డిగ్రీలు ఒరిగి ఉంటే 34.5. ఇక్కడే చిక్కు: అరిగిపోయిన తుంటి మామూలుగా బిగుసుకుపోయేది బయటికి తిరిగే. లోపలికి తిప్పబోతే రోగి కేకపెడతాడు. అంటే ఎవరి కొలత సరిగ్గా కావాలో వాళ్ల ఎక్స్‌రేలోనే అది తప్పుగా వస్తుంది. తిప్పు సరిగ్గా ఉందో లేదో ఎక్స్‌రేలోనే పోల్చుకోవచ్చు. తొడ ఎముక లోపలి పక్కన లెస్సర్‌ ట్రోకాంటర్‌ అనే చిన్న బుడిపె ఉంటుంది. అది ఎంత ఎక్కువగా పొడుచుకొచ్చి కనిపిస్తే కాలు అంతగా బయటికి తిరిగి ఉన్నట్టు.

ఆ 34.5ను నమ్మి ఆఫ్‌సెట్‌ తక్కువున్న స్టెమ్‌ వేస్తే కండరాలు వదులవుతాయి. ఆపరేషన్‌ బల్ల మీద కదిపి చూస్తే కీలు జారేట్టు అనిపిస్తుంది. సర్జన్‌ ఏం చేస్తారు? పొడుగు మెడ ఉన్న హెడ్‌ పెడతారు. కీలు బిగుస్తుంది, కానీ మెడ ఏటవాలుగా ఉంటుంది కనక ఆఫ్‌సెట్‌తో పాటు కాలు పొడవూ పెరుగుతుంది. మూడు నెలల తర్వాత రోగి వచ్చి “నొప్పి పోయింది డాక్టర్‌గారూ, కానీ ఈ కాలు పొడుగైంది” అంటాడు. దానికి మూలం ఎక్స్‌రే గదిలో బయటికి ఒరిగి ఉన్న పాదం అని ఇద్దరిలో ఎవరికీ తట్టకపోవచ్చు.

రెండో తుంటి బాగుంటే దాన్ని కొలిచి ప్లాన్‌ వేసుకోవడం మంచి మార్గం. మన దగ్గర తుంటి మార్పిడికి వచ్చేవాళ్లలో రక్తప్రసరణ ఆగి బంతి కుంగిపోయిన వాళ్లు చాలామంది. స్టెరాయిడ్లు, మద్యం దీనికి ప్రధాన కారణాలు, తరచూ రెండు తుంటులూ పోతాయి. అప్పుడు పోల్చుకోవడానికి మంచి పక్క అంటూ ఉండదు. నొప్పి ఉన్న పక్క పిరుదు కింద దిండు పెట్టి ఒంటినే కొంచెం ఒరిగించి, తొడ ఎముకకు విడిగా ఇంకో బొమ్మ తీయడం ఒక ఉపాయం. ఆ బొమ్మలో కటి వంకరగా పడుతుంది కనక కప్పు కొలవడానికి దాన్ని వాడకూడదు.

కాలి పొడవు కొలిచే పాత పద్ధతి టేపు. నడుం ముందు భాగంలో చేతికి తగిలే ఎముక కొస నుంచి చీలమండ లోపలి గుబ్బ దాకా. టేపు చర్మం మీద జారుతుంది, మోకాలు కొంచెం వంగినా తేడా వస్తుంది, సెంటీమీటరు దాకా తప్పు పెద్ద వింతేం కాదు. రోగిని నిలబెట్టి పొట్టి కాలి కింద చెక్క పలకలు ఒక్కొక్కటీ వేస్తూ, “ఇప్పుడు సమానంగా ఉంది” అని అతనే అనేదాకా పెంచడం ఇంకా నమ్మకమైనది. అందులో మాత్రం నడుం వంకర కూడా కలిసిపోతుంది. ఎక్స్‌రేలో కటి కింద రెండు పక్కలా కన్నీటి చుక్కల్లా కనిపించే గుర్తులను గీతతో కలిపి, ఆ గీత నుంచి రెండు లెస్సర్‌ ట్రోకాంటర్లకు దూరం చూస్తారు. మూడూ చూసుకుని, మూడూ కలవనప్పుడు ఎందుకు కలవలేదో ఆలోచించేవారే ప్లాన్‌ బాగా వేస్తారు.

సెంటీమీటరు లోపు తేడాను చాలామంది పట్టించుకోరనీ, మరీ ఇబ్బందైతే చెప్పులో చిన్న మడమ దిండు పెట్టుకోవచ్చనీ పుస్తకాలు అంటాయి. ఆ సలహా ఇంట్లో కూడా బూట్లేసుకుని తిరిగే దేశాలకు బాగుంటుంది. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం దగ్గరే ఆగుతాయి. వంటింట్లో, పూజ దగ్గర, గుడిలో నడకంతా వట్టి కాళ్లతోనే. చెప్పులోని దిండు రోజులో సగానికి పైగా గుమ్మం బయటే పడి ఉంటుంది. అందుకని మన రోగికి కాలి పొడవు కొలతలో తప్పుకు పుస్తకం ఇచ్చినంత వెసులుబాటు లేదు.

ఇక స్టెమ్‌. తొడ ఎముక లోపల బోలు పైన వెడల్పుగా మొదలై కిందికి సన్నబడుతుంది. లెస్సర్‌ ట్రోకాంటర్‌కు 20 మిల్లీమీటర్లు పైన ఉన్న వెడల్పును, అతి సన్నటి చోట ఉన్న వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకెను ఫిలిప్‌ నోబుల్‌ బృందం 1988లో ప్రతిపాదించింది. 3 నుంచి 4.7 దాకా మామూలు. 3 లోపు వస్తే ఎముక పైనుంచి కిందిదాకా పొగగొట్టంలా ఉన్నట్టు, వయసు మీద పడి ఎముక గుల్లబారిన వాళ్లలో ఎక్కువ. అక్కడ సిమెంటు స్టెమ్‌ గురించి ఆలోచిస్తారు. 4.7 దాటితే గరాటులా ఉన్నట్టు. చిన్న వయసు రోగుల్లో ఇది కనిపిస్తుంది. పైన సరిపోయే స్టెమ్‌ కింద ఇరుక్కుపోతుంది, కింద సరిపోయేది పైన ఆడుతుంది. స్టెమ్‌ చిన్నదైతే నెలల్లో కిందికి దిగబడి కాలు పొట్టవుతుంది. పెద్దదైతే కొట్టేటప్పుడే ఎముక పగులుతుంది.

కొన్ని ఎముకల్లో వెడల్పు ఒక్కటే చూస్తే మోసపోతాం. ఆదిలాబాద్‌ వైపు, విశాఖ ఏజెన్సీ వైపు గిరిజనుల్లో ఉన్న సికిల్‌సెల్‌ జబ్బు తుంటి బంతిని కుంగదీయడమే కాక, కొందరిలో లోపలి బోలును గట్టి ఎముకతో పూడ్చేస్తుంది. బయటి కొలత మామూలుగానే ఉంటుంది, లోపలికి పరికరం దిగదు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరోసిస్‌ ముదిరిన ఎముక ఎక్స్‌రేలో సున్నపు గోడలా తెల్లగా కనిపిస్తుంది, గట్టిగా ఉన్నా పెళుసు. ఎముక గుల్లబారిందో లేదో మామూలు ఎక్స్‌రేలోనే, తొడ ఎముక మెడలోని సన్నటి పోచల గీతలు ఎన్ని మిగిలాయో చూసి చెప్పే పద్ధతి 1970లో మన దేశం నుంచే వచ్చింది. దాని పేరు సింగ్‌ ఇండెక్స్‌. పేరు చూసి ఆర్థికవేత్త అనుకోవద్దు, ఈ మన్మోహన్‌ సింగ్‌ ఎముకల డాక్టర్‌.

మన ఎముకల సగటు కొలతలెంత అన్న ప్రశ్నకు మెడికల్‌ కాలేజీల అనాటమీ విభాగాలు చాలా ఏళ్లుగా వెర్నియర్‌ కాలిపర్లు పట్టుకుని జవాబులు రాస్తున్నాయి. పాశ్చాత్యుల సగటు కన్నా మనవి చిన్నవని ఎక్కువ భాగం చెబుతాయి. అందులో పెద్దగా వాదం లేదు. కానీ వాళ్లు కొలిచింది ఎండిన ఎముకలను. వాటి మీద మృదులాస్థి ఉండదు, ఆ లోటు రెండు పక్కలా కలిపి కొలతను కొన్ని మిల్లీమీటర్లు తగ్గిస్తుంది. చాలా ఎముకలకు ఆడా మగా, వయసెంత అన్న వివరమే ఉండదు. కంపెనీ ఏ సైజులు ఎక్కువగా తయారు చేయాలో తేల్చడానికి ఈ పట్టికలు పనికొస్తాయి. ఎదురుగా ఉన్న రోగికి ఏ సైజు వేయాలో ఇవి చెప్పలేవు.

నేరుగా కొలిచే అదృష్టం ఒక సందర్భంలో మాత్రం దొరుకుతుంది. కాలు జారి పడి తుంటి మెడ విరిగిన ముసలివాళ్లలో గిన్నెను ముట్టుకోకుండా బంతినే మార్చే ఆపరేషన్‌ చేస్తారు. బంతిని బిరడా తీసే స్క్రూ లాంటి పరికరంతో బయటికి లాగి, వరసగా రంధ్రాలున్న రేకు గేజ్‌లో దూర్చి చూస్తారు. 45 రంధ్రంలో దూరి 43లో దూరకపోతే లెక్క తేలినట్టే. ఇక్కడ మృదులాస్థితో కలిపి కొలవాలి, ఎందుకంటే గిన్నెలో తిరగాల్సింది ఆ సైజే. హెడ్‌ పెద్దదైతే గిన్నె అంచుల మీదే ఆగిపోతుంది. చిన్నదైతే భారమంతా నడిమధ్యలో ఒక్క చోటే పడి గిన్నె అరుగుతుంది.

సీటీ స్కాన్‌లో నీడ పెరుగుదల సమస్య లేదు. మెడ ఎంత ముందుకు తిరిగి ఉందో, గిన్నె గోడ ఎక్కడ పలచబడిందో కూడా తెలుస్తుంది. పుట్టుకతోనే తుంటి జారినవాళ్లకు, చిన్నప్పుడు కీలులో చీము పట్టినవాళ్లకు, పాత ఎముక విరుపు వంకరగా అతికినవాళ్లకు సీటీ లేకుండా ప్లాన్‌ వేయడం సాహసమే. రోబో సాయంతో చేసే కొన్ని పద్ధతుల్లో అది తప్పనిసరి. అయినా సీటీకీ తన మర్యాదలు తనకున్నాయి. స్లైసులు 5 మిల్లీమీటర్ల మందంతో తీస్తే మధ్యలో ఉన్నదాన్ని సాఫ్ట్‌వేర్‌ ఊహించి నింపుతుంది. వెలుగు నీడల సెట్టింగ్‌ మారిస్తే ఎముక అంచు కాస్త జరిగినట్టు కనిపిస్తుంది. మోకాలి దాకా స్కాన్‌ తీయకపోతే మెడ తిప్పును లెక్క కట్టలేం, ఎందుకంటే ఆ కోణాన్ని కొలిచేది మోకాలి గుబ్బలతో పోల్చే. ఖర్చు, రేడియేషన్‌ కూడా ఎక్కువే కనక, మామూలు అరుగుదలకు సరిగ్గా తీసిన ఎక్స్‌రే ఇప్పటికీ చాలు. ఈ వాక్యంలో బరువంతా ‘సరిగ్గా తీసిన’ అన్న రెండు మాటల మీదే ఉంది.

సైజు కుదిరాక కోణం. కప్పును 40 డిగ్రీల వాలులో, 15 డిగ్రీలు ముందుకు తిప్పి, రెంటికీ పది డిగ్రీలు అటూ ఇటూగా కూర్చోబెట్టాలన్నది 1978లో లూయినెక్‌ బృందం చెప్పిన లెక్క. కప్పు ఆ హద్దుల్లో ఉన్నా కీళ్లు జారుతున్నాయని తర్వాత తేలింది. మనిషి కూర్చుంటే కటి వెనక్కి వాలుతుంది, వెన్ను బిగుసుకుపోయిన వాళ్లలో వాలదు. వెల్లకిలా పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే ఆ సంగతి చెప్పదు. బాసింపట్టు వేసుకుని భోంచేసే మనిషికి ఆ తేడా చిన్నది కాదు. వెన్ను మీద అనుమానం ఉంటే నిలబెట్టి ఒకటి, కూర్చోబెట్టి ఒకటి పక్క నుంచి ఎక్స్‌రేలు తీయించడం మేలు.

ఇంత చేసినా ఆఖరి మాట బల్ల మీదే. గిన్నెను తొలిచే రీమర్‌ తిరుగుతూ దాని అంచును పట్టుకోవడం చేతికి తెలుస్తుంది. ఎముక బోలులో స్టెమ్‌కు చోటు చేసే బ్రోచ్‌ను కొడుతుంటే చివరికి శబ్దం మారుతుంది, దెబ్బకు ముందుకు కదలడం ఆగుతుంది. ప్లాన్‌లో 3వ సైజు అని ఉండి 1వ సైజు దగ్గరే ఆగిపోతే, అది వంకరగా దిగుతోందేమో అని ఆగి చూడాలి. ప్లాన్‌ లేకపోతే ఆ అనుమానమే రాదు.

ఆపరేషన్‌ నోట్స్‌లో వేసిన సైజు రాస్తారు, అనుకున్న సైజు చాలాచోట్ల రాయరు. రెండూ పక్కపక్కన రాసుకుంటే ఒక యాభై కేసులకు ఆ ఆస్పత్రి ఎక్స్‌రే గది గుణం బయటపడుతుంది. 52 అనుకున్న చోట తరచూ 50 పడుతుంటే గుండు టేబుల్‌కు దగ్గరగా కిందికి ఉంటోందన్నమాట. 50 అనుకున్న చోట 52 పడుతుంటే గుండును కీలు కన్నా పైన, తొడ మీద పెడుతున్నారన్నమాట. ఒకసారి కిందికి, ఒకసారి పైకి పోతుంటే గుండును ఒక్కొక్కరు ఒక్కోచోట పెడుతున్నట్టు. దానికి కొత్త సాఫ్ట్‌వేర్‌ కొనక్కర్లేదు. ఎత్తు సరిచేసుకునే మర ఉన్న ఒక స్టాండు, ఎక్స్‌రే గది గోడకు ఒక బొమ్మ చాలు.